ఖమ్మం నుంచి డాలస్: పన్నెండు గంటలా, పదహారా, ఇరవై రెండున్నరా?

ప్రశ్న: నమస్తే అండీ. నేను రిటైర్డ్ లెక్కల టీచర్ని, 64 ఏళ్లు. మాది ఖమ్మం. మా అమ్మాయి డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటుంది, జూన్‌లో డెలివరీ. నేనూ మా ఆవిడా మే మూడో వారంలో వెళ్లి నవంబర్ మొదట్లో తిరిగి రావాలనుకుంటున్నాం. ఇద్దరం ఇంతవరకు విమానం ఎక్కలేదు. హైదరాబాద్ నుంచి డాలస్‌కి 14,400 కిలోమీటర్లని నెట్‌లో చూశాను. విమానం గంటకు 900 కిలోమీటర్లు పోతుందంటారు కాబట్టి పదహారు గంటలు. ఏజెంట్ పంపిన కాగితంలో చూస్తే శనివారం తెల్లవారుజామున 4 గంటలకు ఎక్కి అదే శనివారం సాయంత్రం 4 గంటలకు దిగుతామని ఉంది, అంటే పన్నెండే. దాని కిందే మొత్తం ప్రయాణం 22 గంటల 30 నిమిషాలని రాసి ఉంది. వీటిలో ఏది నిజం? టికెట్లు మూడు రకాలు చూపించాడు. ఒకటి ఇదే, దోహాలో 2 గంటల 10 నిమిషాలు ఆగాలి. రెండోది అదే దారి, అదే టైముకి బయల్దేరుతుంది గానీ దోహాలో 4 గంటలు ఆగాలి. మూడోది ఢిల్లీలో, న్యూయార్క్‌లో మారాలి, 31 గంటలు, మనిషికి 18 వేలు తక్కువ, కాకపోతే రెండు విడి టికెట్లట. ఏది తీసుకోమంటారు? మా ఆవిడకి షుగర్ ఉంది, పొద్దునా రాత్రీ మాత్రలు వేసుకుంటుంది. పైగా శనివారం ఒంటిపొద్దు ఉంటుంది. విమానంలో శనివారం ఎప్పుడు అయిపోతుందని అడుగుతోంది, నాకు జవాబు తెలియలేదు.

సమాధానం: మాస్టారూ, నమస్కారం. ముందుగా అమ్మాయికి సుఖంగా కాన్పు కావాలని కోరుకుంటున్నాను.

మీరు రాసిన మూడు అంకెల్లో ఏదీ తప్పు కాదు. పదహారు అనేది హైదరాబాద్ నుంచి డాలస్‌కి ఎక్కడా ఆగని విమానం ఉంటే గాల్లో సుమారుగా పట్టే టైము. పన్నెండు అనేది రెండు ఊళ్ల గోడ గడియారాల మధ్య తేడా, దాంతో మీ ఒంటికి సంబంధం లేదు. ఇరవై రెండున్నర అనేది మీరు నిజంగా గడపబోయే గంటలు, అది కూడా విమానాశ్రయం నుంచి విమానాశ్రయం దాకానే. ఖమ్మంలో తలుపుకి తాళం వేసిన దగ్గర్నుంచి ఫ్రిస్కోలో అమ్మాయి ఇంట్లో చెప్పులు విప్పేదాకా లెక్కేస్తే దాదాపు ముప్పై నాలుగు గంటలు. నన్నడిగితే మీరు ప్లాన్ చేసుకోవాల్సింది ఈ నాలుగో అంకె చుట్టూ. అక్కడికి వస్తాను, ముందు దూరం సంగతి చూద్దాం. మీరు లెక్కల మాస్టారు కాబట్టి కాస్త వివరంగానే చెప్తాను.

మీ స్కూల్లో గ్లోబు ఉండే ఉంటుంది. ఈసారి అటు వెళ్తే దాని మీద ఒక దారం తీసుకుని ఒక కొస హైదరాబాద్ మీద, ఇంకో కొస డాలస్ మీద పెట్టి బిగించి లాగండి. గోడ మీది ప్రపంచ పటం చూసిన కళ్లకి ఆ దారం అరేబియా సముద్రం, ఆఫ్రికా, అట్లాంటిక్ మీదుగా పడమరకి పోతుందనిపిస్తుంది. అలా పోదు. హైదరాబాద్ నుంచి దాదాపు నిట్టనిలువుగా ఉత్తరానికి పోతుంది. ఢిల్లీ పక్కగా, లదాఖ్ మీదుగా, మధ్య ఆసియా దాటి, సైబీరియా మీదుగా మంచు సముద్రంలోకి వెళ్లి, ఉత్తర ధ్రువానికి సుమారు 500 కిలోమీటర్ల దూరంలోంచి తిరిగి కెనడా మీదుగా డాలస్‌కి దిగుతుంది. ఎందుకంటే హైదరాబాద్ రేఖాంశం 78 డిగ్రీల తూర్పు, డాలస్‌ది 97 డిగ్రీల పడమర. రెండూ కలిపితే 175. అంటే డాలస్ మనకి దాదాపుగా భూమి అవతలి వైపున్న ఊరు. అవతలి వైపుకి అడ్డంగా చుట్టి వెళ్లేకన్నా నెత్తి మీదుగా వెళ్తే దగ్గర. గోళం మీద రెండు బిందువుల మధ్య అతి తక్కువ దూరం మహావృత్తం వెంబడే ఉంటుందని మీకు నేను చెప్పక్కర్లేదు. నెట్‌లో మీరు చూసిన 14,400 ఆ మహావృత్తం దూరమే. భూమి చుట్టుకొలత సుమారు 40,000 కిలోమీటర్లు కాబట్టి భూమ్మీద ఎక్కడి నుంచి ఎక్కడికైనా 20,000 మించదు. అందులో మీరు దాదాపు మూడొంతులు వెళ్లబోతున్నారు.

మరి ఆ దారిలో నేరుగా విమానం ఎందుకు లేదంటే, దూరం ఒక్కటే కారణం కాదు. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కి ఆగకుండా 15,300 కిలోమీటర్ల పైన ఎగిరే విమానం ఉంది, పద్దెనిమిదిన్నర గంటలకు పైగా గాల్లోనే ఉంటుంది. మన హైదరాబాద్ నుంచి కూడా 2021 జనవరిలో ఎయిర్ ఇండియా చికాగోకి నేరుగా విమానం మొదలుపెట్టింది, అది సుమారు 13,300 కిలోమీటర్లు. అదే నెలలో కెప్టెన్ జోయా అగర్వాల్ ఆధ్వర్యంలో అందరూ మహిళా పైలట్లే శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకి ఉత్తర ధ్రువం మీదుగా వచ్చారు, పేపర్లో చదివే ఉంటారు. హైదరాబాద్ చికాగో సర్వీసు మాత్రం నిలవలేదు. ఇంత దూరం పోయే పెద్ద విమానం గంటకు ఆరేడు టన్నుల ఇంధనం తాగుతుంది, పదహారు గంటలకు సరిపడా ఇంధనం మొదట్లోనే ఎత్తుకోవాలి, ఆ బరువు మొయ్యడానికి మళ్లీ ఇంధనం కావాలి. దానికి తోడు ఆకాశంలో సరిహద్దులున్నాయి. 2022 నుంచి అమెరికా విమానాలు రష్యా మీదుగా ఎగరడానికి లేదు, 2025 ఏప్రిల్ నుంచి మన దేశపు విమానాలకు పాకిస్తాన్ గగనతలం మూసేశారు. గ్లోబు మీద దారం లాగినంత తేలిక కాదు మరి.

అందుకే మీరు దోహా మీదుగా వెళ్తున్నారు. హైదరాబాద్ నుంచి దోహా సుమారు 2,900 కిలోమీటర్లు, దోహా నుంచి డాలస్ సుమారు 12,700. మొత్తం 15,600. నేరు దూరం కన్నా 1,200 కిలోమీటర్లే ఎక్కువ, పన్నెండోవంతు. లండన్ మీదుగా వెళ్లినా సుమారు 15,400 అవుతుంది. అంటే మధ్యలో ఒక ఊరు తగలడం వల్ల పెరిగే దూరం పెద్దగా లేదు, టైము మింగేదంతా నేల మీద ఆగడమే. ఇది గుర్తుపెట్టుకోండి, టికెట్ ఎంచుకునేటప్పుడు పనికొస్తుంది.

ఇప్పుడు మీ 900 సంగతి. పైకెక్కి సర్దుకున్నాక విమానం గంటకు 900 దరిదాపుల్లోనే పోతుంది, అది నిజం. కానీ 2,900ని 900తో భాగిస్తే 3 గంటల 13 నిమిషాలు రావాలి, మీ కాగితంలో దోహాకి 4 గంటల 20 నిమిషాలు ఉండాలి, చూడండి. టికెట్ మీద వేసేది విమానం గేటు దగ్గర కదిలినప్పటి నుంచి అవతల గేటు దగ్గర ఆగేవరకు. రన్‌వే దాకా మెల్లగా పోవడం, వరసలో ఆగడం, పైకెక్కడం, దిగేముందు చక్కర్లు, దిగాక మళ్లీ గేటు దాకా పాకడం, అన్నీ కలుపుతారు. ఖమ్మం నుంచి సూర్యాపేట వెళ్లే బస్సుకి కూడా హైవే స్పీడుతో లెక్కేస్తే టైము కుదరదు కదా, ఊళ్లో సిగ్నళ్లు, బస్టాండులో ఆగడం ఉంటాయి. ఇదీ అంతే.

పెద్ద విమానానికి ఇంకో లెక్క ఉంది, మీరు ఏళ్ల తరబడి పిల్లలకు చెప్పిన పడవ లెక్కే. నిశ్చలమైన నీటిలో పడవ వేగం ఇంత, ప్రవాహం వేగం ఇంత, ఎదురుగా వెళ్తే ఎంతసేపు, వాలుగా వస్తే ఎంతసేపు అని అడుగుతాం చూడండి. ఆకాశంలోనూ ప్రవాహం ఉంది. నేలకి పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో, సరిగ్గా విమానాలు ఎగిరే ఎత్తులో, పడమర నుంచి తూర్పుకి ఎప్పుడూ గాలి వీస్తుంటుంది. దాన్నే జెట్ స్ట్రీమ్ అంటారు. చలికాలంలో ఇంకా ఉధృతంగా ఉంటుంది, కొన్నిచోట్ల గంటకు 200 కిలోమీటర్లు కూడా దాటుతుంది. దారి పొడుగునా ఒకేలా ఉండదు కాబట్టి సగటున 50 అనుకుందాం. పోయేటప్పుడు 900లో 50 తీసేస్తే 850, వచ్చేటప్పుడు కలిపితే 950. 12,700ని రెంటితో భాగించి చూడండి, సుమారు గంటన్నర తేడా వస్తుంది. దానికి రన్‌వే టైమూ దారి వంపులూ కలిపితే పోయేటప్పుడు పదహారు గంటలు, వచ్చేటప్పుడు పద్నాలుగున్నర. మీ తిరుగు టికెట్ చూస్తే ఆ తేడా కనపడుతుంది. చాలామంది వచ్చేటప్పుడు విమానం వేరేదేమో, ఇంకా స్పీడుదేమో అనుకుంటారు, అదే విమానం, అదే గాలి, ఈసారి వెనక నుంచి తోస్తుందంతే.

ఇంక గడియారం. ఇక్కడే అందరూ తికమక పడతారు. టికెట్ మీద ప్రతి టైమూ ఆ ఊరి టైమే. బయల్దేరే 4 గంటలు హైదరాబాద్ టైము, దిగే 4 గంటలు డాలస్ టైము. ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే ఏమీ రాదు, రూపాయల్లోంచి డాలర్లు తీసేసినట్టే. రెంటినీ ఒకే టైములోకి మార్చి తియ్యాలి. మే నెలలో డాలస్ మనకన్నా పదిన్నర గంటలు వెనక. అక్కడ సాయంత్రం 4 అయ్యేసరికి ఖమ్మంలో ఆదివారం తెల్లవారుజాము 2:30. శనివారం 4 నుంచి ఆదివారం 2:30 దాకా ఎన్ని గంటలు? ఇరవై రెండున్నర. సరిపోయింది కదా. మధ్యలో విడగొట్టి చూసినా అంతే: దోహాకి 4:20, అక్కడ 2:10, డాలస్‌కి 16.

అమ్మాయితో ఫోన్ మాట్లాడటానికి ఒక చిట్కా చెప్తాను. ఎండాకాలంలో మన టైముకి గంటన్నర కలిపి పొద్దుని రాత్రి చెయ్యండి, రాత్రిని పొద్దు చెయ్యండి, డాలస్ టైము వచ్చేస్తుంది. ఖమ్మంలో ఉదయం 6 అయితే అక్కడ ముందురోజు రాత్రి 7:30. నవంబర్ మొదటి ఆదివారం నాడు వాళ్లు గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుతారు, అప్పట్నుంచి తేడా పదకొండున్నర, కలపాల్సింది అరగంటే. మీ తిరుగు ప్రయాణం నవంబర్‌లో అంటున్నారు కాబట్టి ఇది రాసిపెట్టుకోండి. ఆ ఆదివారం తర్వాతైతే, ఉదాహరణకి సోమవారం సాయంత్రం 6కి డాలస్‌లో ఎక్కి, పద్నాలుగున్నర గంటలకి దోహా, అక్కడ మూడు గంటలు ఆగి, ఇంకో నాలుగు గంటలకి హైదరాబాద్ వస్తే, మొత్తం ఇరవై ఒకటిన్నర గంటలే, కానీ ఇక్కడ బుధవారం తెల్లవారుజాము 3 అయి ఉంటుంది. మంగళవారం ఏమైందని అమ్మగారు అడుగుతారు. వెళ్లేటప్పుడు చేతికొచ్చిన గంటలు వచ్చేటప్పుడు తిరిగి ఇచ్చేయాలి, ఆ మంగళవారం పన్నెండున్నర గంటలే ఉంటుంది.

ఇంకొక్కటి, ఇది చాలా ముఖ్యం. శనివారం తెల్లవారుజామున 4 గంటల విమానం అంటే మీరు ఇంట్లో బయల్దేరేది శుక్రవారం సాయంత్రం. శనివారం అని ఉంది కదా అని శనివారం రాత్రి ఎయిర్‌పోర్టుకి వచ్చి, విమానం ఆ తెల్లవారుజామునే వెళ్లిపోయిందని తెలిసి అక్కడే కూలబడిపోయిన పెద్దవాళ్లను నేను చూశాను. క్యాలెండర్లో శుక్రవారం గడిలో ఎర్ర పెన్నుతో రాయండి.

సరే, ఇప్పుడు ఇంటి దగ్గర్నుంచి లెక్క. ఖమ్మం నుంచి కారులో సూర్యాపేట మీదుగా పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ ఎక్కి శంషాబాద్ చేరడానికి, మధ్యలో టీ తాగడానికి ఆగితే, ఐదు గంటలు పెట్టుకోండి. విమానానికి మూడు నాలుగు గంటల ముందు అక్కడ ఉండాలి. అంటే రాత్రి 7కల్లా ఇంట్లో బయల్దేరాలి, అది తొమ్మిది గంటలు. విమానాల్లో ఇరవై రెండున్నర. డాలస్‌లో ఇమిగ్రేషన్ లైను, లగేజీ, అన్నీ అయ్యేసరికి గంటన్నర, ఒక్కోరోజు ఇంకా ఎక్కువ. అక్కడి నుంచి ఫ్రిస్కో నలభై నిమిషాలు. కలిపితే దాదాపు ముప్పై నాలుగు గంటలు. అందులో మంచం మీద నడుం వాల్చే అవకాశం ఒక్క నిమిషం కూడా ఉండదు. అందుకని నా సలహా, శుక్రవారం పొద్దున్నే బయల్దేరి మధ్యాహ్నానికల్లా హైదరాబాద్‌లో చుట్టాలింటికో స్నేహితులింటికో చేరి, భోంచేసి, రాత్రి పదకొండు దాకా పడుకోండి. ముప్పై నాలుగు గంటలు రెండు ముక్కలవుతాయి, రెండో ముక్క తాజాగా మొదలవుతుంది. దీనికి పైసా ఖర్చు లేదు, దీని వల్ల వచ్చే సుఖం ఏ బిజినెస్ క్లాసు టికెట్టూ ఇవ్వదు.

టికెట్ విషయానికొస్తే, రెండోది తీసుకోండి, దోహాలో నాలుగు గంటలు ఆగేది. మొత్తం 24 గంటల 20 నిమిషాలవుతుంది, డాలస్‌లో సాయంత్రం 5:50కి దిగుతారు, అమ్మాయికో అల్లుడికో తీరిగ్గా రావడానికీ వీలు. మొదటిదానిలో రెండు గంటల పది నిమిషాలు చాలు కదా అనిపిస్తుంది కానీ అందులో విమానం దిగేసరికే ఇరవై నిమిషాలు, మళ్లీ సెక్యూరిటీ చెకింగ్, పెద్ద ఎయిర్‌పోర్టు కాబట్టి గేటు దాకా నడక, అమెరికా విమానాలకు గేటు దగ్గర పాస్‌పోర్టులు ఇంకోసారి చూస్తారు. హైదరాబాద్‌లో విమానం ఒక నలభై నిమిషాలు ఆలస్యమైతే మీకు మిగిలేది పరుగే. మొదటిసారి వెళ్లేవాళ్లు, అరవై దాటినవాళ్లు, షుగర్ ఉన్న మనిషి పరుగెత్తకూడదు. రోజూ తిరిగే కుర్రాళ్లకి తక్కువ గంటల టికెట్ మంచిది, మీకు తీరిక ఉన్న టికెట్ మంచిది. ఇద్దరికీ వీల్‌చెయిర్ అడగండి, నడవలేనివాళ్లకే అని మొహమాటపడకండి. టికెట్ బుక్ చేసేటప్పుడే చెప్పమనండి. వీల్‌చెయిర్ తోసే మనిషి ఒక గేటు దగ్గర్నుంచి ఇంకో గేటు దాకా దారి చూపిస్తాడు, భాష రాకపోయినా ఇబ్బంది ఉండదు.

మూడోది మాత్రం వద్దు. ఇద్దరికీ కలిపి 36 వేలు చిన్న మొత్తం కాదని నాకు తెలుసు, అయినా వద్దు. రెండు కారణాలు. అమెరికాలో మీరు మొదట ఏ ఊళ్లో దిగితే ఇమిగ్రేషన్ అక్కడే. న్యూయార్క్‌లో దిగితే అక్కడే లైన్లో నిలబడి, బెల్టు మీంచి పెట్టెలన్నీ మీరే దించుకుని, కస్టమ్స్ దాటించి, మళ్లీ డాలస్ విమానానికి అప్పగించి, ఇంకో టెర్మినల్‌కి పోవాలి. దోహా నుంచి నేరుగా డాలస్‌కి వెళ్తే ఆ లైను మీ చివరి లైను, బయటికొస్తే అమ్మాయి ఉంటుంది. రెండో కారణం ఆ విడి టికెట్లు. రెండు విమానాలూ ఒకే పీఎన్ఆర్ మీద ఉంటే మొదటిది ఆలస్యమై రెండోది తప్పినా తర్వాతి విమానంలో ఎక్కించే బాధ్యత వాళ్లది, దోహాలో మారితే పెట్టెలూ నేరుగా చివరి ఊరికే వస్తాయి. విడివిడిగా ఉంటే రెండో విమానం వాళ్లకి మీరు ఆలస్యంగా వచ్చిన ప్రయాణికులు, అంతే.

ఇది నాకు తెలిసింది మా అమ్మ వల్ల. చాలా ఏళ్ల కిందట ఒక ఏజెంట్ మాటిని పదకొండు వేలు కలిసొస్తాయని నేనే అలాంటి టికెట్లు తీశాను. మొదటి విమానం యాభై నిమిషాలు లేటు, రెండోది పోయింది. అమ్మ ఒక్కతే ఆ ఎయిర్‌పోర్టులో పదకొండు గంటలు కూర్చుంది. చేతిసంచీలో చిన్న స్టీలు డబ్బాలో పులిహోర ఉంది. ఎప్పటికి ఎక్కిస్తారో తెలియదని ఆ పులిహోరని మూడు భాగాలు చేసుకుని, మూడుసార్లు, మూత కొంచెమే తీసి తిన్నానని తర్వాత చెప్పింది. చేతికి ఇండియా టైముతో ఉన్న వాచీ. దాన్ని చూసుకుంటూ ఇప్పుడు ఇంట్లో దీపం పెట్టే వేళ, ఇప్పుడు పాలవాడు వచ్చే వేళ అనుకుంటూ కూర్చుందట. కొత్త టికెట్‌కి నేను కట్టిన డబ్బు మిగిలిన పదకొండు వేలకి ఆరింతలు, ఆ డబ్బు గుర్తు లేదు, ఆ డబ్బా మూత గుర్తుంది. మాస్టారూ, దయచేసి ఆ టికెట్ తియ్యకండి.

ఒకే పీఎన్ఆర్ ఉండటం ఇంకో విధంగానూ అక్కరకొస్తుంది. గల్ఫ్ మీద ఆకాశం అప్పుడప్పుడు మూతపడుతోంది. 2025 జూన్ 23న ఖతార్ కొన్ని గంటలపాటు గగనతలం మూసేస్తే ఎక్కడి విమానాలు అక్కడ దారి మళ్లాయి. భయపెట్టడానికి చెప్పట్లేదు, ప్రయాణానికి రెండు రోజుల ముందు నుంచి ఎయిర్‌లైన్ పంపే మెసేజీలు చూస్తూ ఉండమని అమ్మాయికి చెప్పండి. బుకింగ్‌లో ఆమె ఫోన్ నంబరు, మెయిల్ కూడా ఇప్పించండి.

విమానంలో పదహారు గంటలు ఎలా కూర్చోవాలని బెంగ పడుతుంటారు. సీటు ముందర చిన్న తెర ఉంటుంది, అందులో మ్యాప్ పెట్టుకోండి, మీకు నచ్చుతుంది. టర్కీ, యూరప్ మీదుగా, గ్రీన్‌లాండ్ దక్షిణపు అంచుకి దగ్గరగా, కెనడా మీదుగా దారి వంగుతూ వెళ్తుంది, ఆ వంపే మీ మహావృత్తం. ఎత్తు, వేగం, బయట చలి ఎంతో, ఎదురుగాలి ఎంతో కూడా చూపిస్తారు, పడవ లెక్క అక్కడే చేసి చూసుకోవచ్చు. పొద్దున దోహాలో ఎక్కి సూర్యుడి వెంటే పడమరకి పోతారు కాబట్టి మే నెలలో దారంతా పగలే, కిటికీలు మూయిస్తారు, నిద్రొస్తే పడుకోండి. గంటన్నరకోసారి లేచి బాత్రూం దాకా నడిచి రండి, కాళ్లు వాయకుండా, రక్తం గడ్డకట్టకుండా ఉంటుంది. నీళ్లు అడిగి తాగండి, బాత్రూంకి లేవాలని నీళ్లు మానేయొద్దు. శాకాహారమైతే రెండు రోజుల ముందే చెప్పించండి. చేరాక వారం పదిరోజులు తెల్లవారుజామున రెండింటికే మెలకువ వస్తుంది, అది జబ్బు కాదు, పగలు ఎండలో తిరిగితే సర్దుకుంటుంది. తిరిగి వచ్చాక ఇంకొంచెం ఎక్కువ రోజులు పడుతుంది.

ఇప్పుడు అమ్మగారి మాత్రలు. ఒక కాగితం మీద మూడు నిలువు గీతలు గీసి ఖమ్మం టైము, దోహా టైము, డాలస్ టైము అని రాసి, ఎక్కే దిగే వేళలన్నీ మూడింట్లోనూ నింపండి, మీకు పది నిమిషాల పని. ఆ కాగితం పట్టుకుని షుగర్ డాక్టరు దగ్గరికి వెళ్లి ఏ మాత్ర ఏ గడిలో వెయ్యాలో ఆయన చేతే టిక్ పెట్టించండి. పొద్దున మాత్ర, రాత్రి మాత్ర అనే మాట ఆ రోజు పనిచెయ్యదు, ఒకే పగలు సాగుతూ పోతుంది. చేతి వాచీ ఫ్రిస్కో చేరేదాకా ఖమ్మం టైములోనే ఉంచమనండి. మాత్రలూ చీటీ చేతిసంచీలోనే ఉండాలి, పెట్టెలో వద్దు. బిస్కెట్లు, కాసిని గ్లూకోజ్ బిళ్లలు కూడా.

ఇంక శనివారం. అమ్మగారు సరిగ్గా అడగాల్సిన ప్రశ్నే అడిగారు. ఖమ్మంలో శుక్రవారం అర్ధరాత్రి మొదలైన శనివారం మీ విషయంలో డాలస్ అర్ధరాత్రికి గానీ అయిపోదు, ఇరవై నాలుగు గంటలు ప్లస్ పదిన్నర, మొత్తం ముప్పై నాలుగున్నర గంటల శనివారం. షుగర్ మాత్రలు వేసుకునే మనిషి అంత శనివారానికి ఒక్క పూట భోజనంతో ఉండటం ప్రమాదం, చక్కెర పడిపోతే ఆకాశంలో డాక్టరు దొరకడు. ఖమ్మం శనివారాన్నే లెక్కలోకి తీసుకుంటే అది ముగిసేది డాలస్ టైము మధ్యాహ్నం 1:30కి, రెండో టికెట్ ప్రకారం అప్పటికి మీరు కెనడా మీద ఎక్కడో ఉంటారు, దిగడానికి ఇంకా నాలుగు గంటల పైన ఉంటుంది. అదీ ఎక్కువే. మా ఇంట్లో పెద్దవాళ్లు ప్రయాణంలో, జబ్బులో నియమం పట్టింపు లేదనేవారు, తిరుమల మెట్లెక్కేటప్పుడు కూడా మా నాయనమ్మ అటుకులు తింటూనే ఎక్కేది. అమ్మగారి మనసు ఒప్పుకోకపోతే ఏజెంట్‌ని అడిగి మంగళవారమో బుధవారమో విమానం చూడమనండి. అప్పుడు ఆమెకి శనివారం ఫ్రిస్కోలో, మామూలుగా ఇరవై నాలుగు గంటలదే వస్తుంది, ఒంటిపొద్దు భోజనం అమ్మాయి వండి పెడుతుంది.